దేముడమ్మ సరే అన్నాదట

చోడవరంలో కోటపాడు రోడ్డు మొదట్లో, ఆటోలు ఆగే చోట, దేముడమ్మ తోపుడు బండి ఉంటుంది. పొద్దున్న ఇడ్లీ, అట్లు. సాయంత్రం పుణుకులు, మిరపకాయ బజ్జీలు. ఆవిడ చేతి రుచిని ఒకరు మెచ్చుకుంటే ఇంకొకరు పెదవి విరుస్తారు గానీ, నోటి మాట గురించి మాత్రం ఎవరికీ పేచీ లేదు.

ఇంకాస్త చట్నీ వెయ్యమంటే "సరే నాన్నా" అంటుంది. అట్టు మాడింది, ఇంకొకటి పొయ్యమంటే "సరే తల్లీ" అంటుంది. బండి రోడ్డు మీదికి వచ్చేసింది, వెనక్కి తొయ్యమని కానిస్టేబుల్ కసిరితే "సరే బాబూ" అంటుంది. బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ సంగతి కానిస్టేబుల్‌కీ తెలుసు. ఒక బజ్జీ నోట్లో వేసుకుని తన దారిన తాను పోతాడు.

ఇక ఫోనులో అయితే చెప్పక్కర్లేదు. అవతలి మనిషి చెప్పింది వినబడినా, వినబడకపోయినా, మంచి కబురైనా, చెడ్డ కబురైనా, చివర్లో "సరేనమ్మా, సరే, ఉంటాను మరి" అనకుండా ఆవిడ ఫోను పెట్టదు. అది ఒప్పుకోవడం కాదు. గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళొస్తానని చెప్పడం లాంటిది. ఆ మాట అనకుండా పెట్టేస్తే ఎదుటివాళ్ళ మొహం మీద తలుపు వేసినట్టే. ఈ చుట్టుపక్కల ఆడామగా అందరిదీ అదే అలవాటు. దేముడమ్మకి కాస్త ఎక్కువ, అంతే.

ఆవిడ పుట్టింది వడ్డాది దగ్గర ఒక పల్లెలో. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని తల్లి రోజూ నూరిపోసేది. సత్యారావు అనే బెల్లం వండేవాడికిచ్చి చేస్తాం అంటే సరే అంది. పెళ్ళికొడుకు మొహం పీటల మీదే చూసింది. అత్తగారు పదిమంది మగాళ్ళు తిన్నాక మిగిలింది తినమంటే సరే అంది; వండేటప్పుడే ఒక ముద్ద నోట్లో వేసుకోవడం నేర్చుకుంది. సత్యారావు మంచివాడే. బెల్లం పెనం ముందు పొగలో నిలబడి నిలబడి ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. వాళ్ళకి పిల్లలు లేరు.

ఆవిడ జీవితంలో గుండె నిండా అన్న సరే ఒక్కటే. అక్క పురిట్లో పోయినప్పుడు, రక్తం ఇంకా ఆరని పసిగుంటని ఒళ్ళో పెట్టి "దీన్ని సూస్తావేటే దేముడూ?" అని వాళ్ళ అమ్మ అడిగింది. సరే అంది. ఆ గుంటే చిన్నారి. బండి కింద చక్రాల మధ్య గోనెపట్టా పరిచి పడుకోబెట్టి పెంచింది. పెద్దయ్యాక దేవరాపల్లి దగ్గర చెరకు పండించే దాసుకిచ్చి పెళ్ళి చేసింది. చిన్నారి ఆవిడని పిన్నమ్మా అంటుంది. దాసు అత్తా అంటాడు.

సంగతంతా చిన్నారితోనే మొదలైంది.

ఆ పొద్దున్న కరెంటు లేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరకు తోటలో జడచుట్లు వేస్తున్నారు. అంటే గాలికి గడలు పడిపోకుండా వాటి ఆకులతోనే రెండు మూడు గడల్ని కలిపి చుట్టడం. చిన్నారి వంగి ఆకు అందుకుంటూ ఉంటే మడమ మీద రక్తపింజరి కాటేసింది.

దాసు అంబులెన్స్‌కి చేశాడు. ఫోను పలకలేదు. చోడవరం నుంచి ఆటో పంపించమందామని దేముడమ్మకి చేశాడు. పలకలేదు. గట్టెక్కి చేశాడు, రోడ్డు మీదికి పరిగెత్తి చేశాడు, ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకుని చేశాడు. ఆ పక్కనున్న టవరుకి బ్యాటరీలు చచ్చిపోయి చాలా కాలమైంది. కరెంటు పోతే టవరూ పోతుంది. అది ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. వేరే సిమ్ము వాడుకోవచ్చు కదా అంటే, వేరేవి ఉంటే కదా! స్వరలింక్ అనే కంపెనీ చవగ్గా ఇస్తానంటూ వచ్చి మిగతావాళ్ళనందర్నీ ఒక్కొక్కరిగా మింగేసింది. ఇప్పుడు ఈ పక్కల ఫోనంటే స్వరలింకే.

చివరికి ఎవరిదో మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని చోడవరం తెచ్చారు. అక్కడ మందు ఎక్కించి, పెద్దాసుపత్రికి విశాఖపట్నం పంపారు. ప్రాణం నిలిచింది. మూత్రపిండాలు మాత్రం మొండికేశాయి. ఇంకాస్త ముందు తెస్తే ఇంత దాకా వచ్చేది కాదన్నాడు డాక్టరు.

ఆ వేళంతా దేముడమ్మ ఫోను బొడ్డులో దోపుకుని అట్లు పోస్తూనే ఉంది. అది ఒక్కసారైనా మోగలేదు.

"అప్పా, ఏడిస్తే ఏటొస్తాది?" అన్నాడు ఆటో స్టాండ్‌లో ఉండే పరదేశి. దేముడమ్మని సొంత అక్కలా చూసుకుంటాడు. "కంప్లైంట్ ఎట్టాల. నీ ఫోను కాడి నుంచే ఎట్టు. ఫోను రానిది నీకే కదా."

వాడే నంబరు నొక్కిచ్చాడు. ఆవిడ ఏడుస్తూ, ముక్కు చీదుతూ, పాము దగ్గర్నుంచి పెద్దాసుపత్రి దాకా అంతా చెప్పింది. అవతల ఒక ఆడపిల్ల గొంతు "మీ ఫిర్యాదు నమోదైంది" అంది. ఎంత మర్యాదగా మాట్లాడిందో అని దేముడమ్మ మురిసిపోయింది.

కొన్నాళ్ళకి ఆ పిల్లే మళ్ళీ ఫోను చేసింది. సాయంత్రం వేళ. బండి చుట్టూ జనం. నూనెలో పుణుకులు చుయ్యిమంటున్నాయి. దేముడమ్మ ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"నమస్కారం! స్వరలింక్ నుంచి… మీ ఫిర్యా… మా బృందం… పరిష్…"

"ఆఁ? సెప్పమ్మా. సరిగ్గా ఇనబడ్డం లేదు. మా గుంట సంగతేనా?"

"…మీరు సరే… ముగిం…"

"నువ్వు తిన్నావేటి తల్లీ? గొంతు తెగిపోతంది, నీరసమేటి?"

"…మరోసారి…"

"సరేనమ్మా, సరే. ఉంటాను మరి."

పెట్టేసి పుణుకులు తిప్పింది. అది పిల్ల కాదని, యంత్రమని, ఆవిడకి అప్పటికి తెలీదు.

ఈలోగా దాసు కడుపు మండి ఒక పని చేశాడు. చోడవరం మెయిన్ రోడ్డులో స్వరలింక్ షాపు ముందు బైఠాయించాడు. "కరెంటు పోతే టవరు పోద్దట. టవరు పోతే మనిసి కూడా పోవాలేటి?" అని అరిచాడు. ఎవరో వీడియో తీశారు. అది రాష్ట్రమంతా తిరిగింది. టీవీలవాళ్ళు వచ్చారు. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో మా ఊళ్ళోనూ ఇంతే, మా టవరూ ఇంతే అని మొదలుపెట్టారు. స్వరలింక్ చాలా రోజులు నోరు విప్పలేదు. తిట్లు మరీ ఎక్కువైపోయాక విప్పింది.

పేపర్లో పడింది. చోడవరం ప్రాంతం నుంచి వచ్చిన ఫిర్యాదులన్నిటినీ వినియోగదారుల అంగీకారంతోనే పరిష్కరించామని, ప్రచారంలో ఉన్న పాముకాటు ఘటనపై ఫిర్యాదు చేసిన మహిళ తానే స్వయంగా సంతృప్తి తెలిపిందని, గిట్టనివాళ్ళ మాటలు నమ్మవద్దని. నమ్మకం లేనివాళ్ళ కోసం ఆ మహిళ గొంతు కూడా టీవీకిచ్చారు.

"సరేనమ్మా, సరే. ఉంటాను మరి."

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆ గొంతు వినకుండా చోడవరంలో అట్టు తిన్నవాడెవడు?

"దేముడమ్మ సరే అన్నాదట" అన్న మాట ఆ మధ్యాహ్నానికే సంతంతా పాకింది. సాయంత్రానికి దానికి కాళ్ళొచ్చాయి. కొత్త ఫోను ఇచ్చారట. కాదు, ఫ్రిజ్ ఇచ్చారట. కాదు, బండికి బదులు షాపే కట్టించి ఇస్తారట. రోజూ వచ్చే టీచరమ్మ ఇడ్లీ పొట్లం అందుకుని, మొహం చూడకుండా వెళ్ళిపోయింది. మర్నాడు రానేలేదు.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ అప్పా…" అని పరదేశి మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

మర్నాడు దాసు విశాఖపట్నం నుంచి సరాసరి బండి దగ్గరికే వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోను తీసి ఆ ముక్క వినిపించాడు.

"ఇది నీ గొంతేనా అత్తా?"

"నా గొంతే బాబూ. గానీ…"

"సరే అన్నావా, అన్లేదా?"

"అన్నాను. అది ఆ సరే కాదు దాసూ. ఇనబడక అన్న సరే."

"ఎన్ని సరేలున్నాయేటి నీ కాడ?" దాసు గొంతు పగిలింది. "నేను రోడ్డు మీద కూకుని అందరి సేతా పోలీసుల సేతా మాట పడతన్నాను. నువ్వేమో ఇక్కడ పుణుకులేసుకుంటా కంపినీవోడికి సరే అనేసేవు. ఇప్పుడు వోళ్ళేటంటన్నారో తెలుసునా? పెళ్ళాం తరపోళ్ళే ఒప్పేసుకున్నారు, నీకేటి నొప్పి అంటన్నారు."

"చిన్నారికి తెలుసునా?"

"పక్క మంచమామె ఫోన్లో ఇనిపించేసింది. గోడకేసి తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు. నువ్వింక ఆసుపత్రికి రాకత్తా."

దేముడమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెప్పడానికి వెయ్యి మాటలున్నాయి. కానీ ఎన్నో ఏళ్ళుగా ఒకే దారిలో తిరిగిన నాలుక కదా, దాని దారినే అది పోయింది.

"సరే బాబూ" అంది.

దాసు కొరడా తగిలినట్టు ఆవిడ వైపు చూశాడు. వెనుదిరిగి వెళ్ళిపోయాడు. పెనం మీది అట్టు మాడి పొగ వస్తుంటే పరదేశి వచ్చి తీశాడు.

ఆ తర్వాత ఆవిడకి నోరు తెరవాలంటేనే భయం పట్టుకుంది. ఎవరేం అడిగినా తల ఊపేది. విశాఖపట్నం బస్సు రోజూ బండి ముందు నుంచే పోతుంది. బస్సు మలుపు తిరిగే దాకా చూసేది. పెంచిన చెయ్యి, పట్టుకోవలసిన వేళకి దూరమైపోయింది. జనం అన్న మాటల్ని అయితే ఎలాగో ఓర్చుకుంది. చిన్నారి గోడ వైపు తిరిగిందన్నది మాత్రం మింగుడుపడలేదు.

ఇంతలో కంపెనీ చోడవరంలో సభ పెడుతోందని మైకులో తిప్పారు. కల్యాణ మండపంలో, సాయంత్రం. జనం అడిగితే కంపెనీ పెద్దలు జవాబు చెబుతారట.

సభ రోజు పొద్దున్న ఒకతను బండి దగ్గరికి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెడలో కంపెనీ కార్డు.

"నమస్తే అమ్మా. నా పేరు ప్రేమ్‌కుమార్. స్వరలింక్‌లో పని చేస్తాను. మాది కోటపాడేనమ్మా, ఉద్యోగం వైజాగ్‌లో."

పరదేశి ఆటో దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. "కోటపాడులో ఎవరబ్బాయివేటి?" అన్నాడు, కొట్టేవాడిలాగే.

దేముడమ్మ మాత్రం ఇడ్లీ పెట్టి చేతికిచ్చింది. ఎవడైతేనేం, బండి దగ్గరికి వచ్చినవాడు. ప్రేమ్‌కుమార్ నిలబడి తింటూ నెమ్మదిగా చెప్పాడు.

"సాయంత్రం మీరు రావాలమ్మా. ఎక్కువేం వద్దు. రికార్డింగ్ వేస్తాం. ఈ గొంతు మీదేనా అని అడుగుతాం. అవును అనండి చాలు. అది దొంగ రికార్డింగ్ అని మమ్మల్ని తిడుతున్నారు కదా. మా సార్ కూడా వస్తున్నారు, మీరు రాకపోతే నా మీదికి వస్తుంది."

అతని ఫోను మోగింది. చూసి విసుక్కున్నాడు. ప్లేటు ఎడమ చేతిలోకి మార్చుకుని ఎత్తాడు.

"ఆఁ అమ్మా… ఏటీ?… కట్టయిపోతంది… ఎవరొచ్చేరు?… ఆఁ ఆఁ. సరేలే. సరే సరే, ఉంటాను." జేబులో పెట్టుకున్నాడు. "వస్తారు కదమ్మా?"

"సరే బాబూ" అంది దేముడమ్మ.

అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. పరదేశి నెత్తి కొట్టుకున్నాడు.

"అప్పా! మళ్ళీ అనేసేవు! ఇప్పుడు వోళ్ళ తరపున సాచ్చికం కూడా సెప్తావేటి?"

దేముడమ్మ ప్రేమ్‌కుమార్ వెళ్ళిన వైపే చూస్తోంది. వాళ్ళమ్మ ఏం చెప్పిందో పాపం, అనుకుంది. అప్పటికి అంతే అనుకుంది.

సాయంత్రానికి కల్యాణ మండపంలో కాలు పెట్టే చోటు లేదు. పెళ్ళికూతురు కూర్చునే ఎర్ర కుర్చీలే వేదిక మీద వేశారు. వెనక పెద్ద బ్యానరు: మీ మాటే మా బాట. తలుపుల దగ్గర పోలీసులు. దాసు లోపలికి రాడనుకుంది గానీ, వెనక గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని ఉన్నాడు. దేముడమ్మ ఒకసారి చూసి తల దించుకుంది. ఆవిడ కూర్చున్న వరసలో రెండు పక్కలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నిలబడ్డవాళ్ళు నిలబడ్డారు గానీ ఆవిడ పక్కన కూర్చోలేదు. పరదేశి వచ్చి ఒక కుర్చీ నింపాడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద సార్ మాట్లాడాడు. తెల్లటి చొక్కా, నలగని మాట. విమర్శలంటే తమకి గౌరవమట. ప్రతి వినియోగదారుడూ కుటుంబ సభ్యుడేనట. టవరు బాగానే పని చేస్తోందట. పాము కరిచిన ఆడబిడ్డ కోలుకోవాలని కంపెనీ అంతా కోరుకుంటోందట.

"బేటరీల సంగతి సెప్పు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"అన్ని ఫిర్యాదులూ పరిష్కారమయ్యాయి" అన్నాడు సార్, నవ్వు చెదరకుండా. "మేం చెప్పడం కాదు. ఫిర్యాదు చేసినవారే చెప్పారు. వారు ఇక్కడే ఉన్నారు."

రికార్డింగ్ వేశారు. పెద్ద పెద్ద స్పీకర్లు. దేముడమ్మ గొంతు మండపమంతా మోగింది. సరేనమ్మా, సరే. ఉంటాను మరి.

మండపం గుర్రుమంది. ప్రేమ్‌కుమార్ మైకు పట్టుకుని కిందికి దిగి వచ్చాడు. దేముడమ్మ లేచి నిలబడింది.

"అమ్మా, ఈ గొంతు మీదేనా?"

"నాదే బాబూ."

"సరే అన్నది మీరేనా?"

"నేనే."

"అమ్ముడుపోయింది!" ఒక కేక. "ఫ్రిజ్ ఎంత పెద్దదే దేముడమ్మా?" ఇంకో కేక. నవ్వులు. కుర్చీలు జరిగాయి. పోలీసు ఒకడు లోపలికి రెండడుగులు వేశాడు. వెనక గోడ దగ్గర దాసు తల పక్కకి తిప్పుకుని, గుమ్మం వైపు కదిలాడు.

"చాలా సంతోషమమ్మా" అన్నాడు సార్ వేదిక మీద నుంచి. "ఇక కూర్చోండి."

ప్రేమ్‌కుమార్ మైకు వెనక్కి తీసుకోబోయాడు. రాలేదు. దేముడమ్మ దాన్ని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇప్పుడు కూర్చుంటే దాసు ఆ గుమ్మం దాటతాడు. దాటితే చిన్నారి ఇంక ఎప్పటికీ ఇటు తిరగదు. ఆవిడకి అదొక్కటే తెలుసు.

"దానికి ముందుది కూడా వెయ్యి బాబూ" అంది.

"ఏమిటమ్మా?"

"ముందు నేను ఇనబడ్డం లేదని సెప్పేను. తిన్నావేటి తల్లీ అని అడిగేను. అవి రాలేదేటి?"

ప్రేమ్‌కుమార్ సార్ వైపు చూశాడు. "మాకు పంపింది ఇంతేనమ్మా."

"అంగీకారం ఉన్న భాగం చాలు కదా" అన్నాడు సార్. నవ్వు కాస్త పలచబడింది. "మీరు సరే అన్నారు. ఒప్పుకున్నారు కూడా. సరే అంటే సరే. దానికి ఇంకో అర్థం ఉంటుందా అమ్మా?"

దేముడమ్మ నోరు తెరిచింది. నోట్లోకి అలవాటుగా వచ్చేదే వచ్చింది. పళ్ళు బిగబట్టి దాన్ని ఆపింది. పరదేశి కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడ చూడాలో తెలీక ఆవిడ ఎదురుగా ఉన్న కుర్రాడి మొహమే చూసింది. ఇడ్లీ తిన్న మొహం.

"బాబూ, పొద్దున్న నా బండి కాడ ఉండగా మీ అమ్మ ఫోన్ సేసింది గదా."

"ఆఁ" అన్నాడు అతను, అర్థం కాక.

"సరే, సరే అన్నావు. ఆవిడేటడిగింది?"

ప్రేమ్‌కుమార్ మెడ దగ్గర కార్డు తాడు సవరించుకున్నాడు. వేదిక మీద సార్ గొంతు సవరించాడు. "ప్రేమ్, ఇవన్నీ ఇక్కడెందుకు? నెక్స్ట్ క్వశ్చన్ తీసుకుందాం."

"సెప్పు నాన్నా" అంది దేముడమ్మ. గొంతులో కోపం లేదు. బతిమాలినట్టుంది. "నీ మీద తప్పెట్టడానికి కాదు. నువ్వూ ఇక్కడోడివే కాబట్టి అడగతన్నాను. మీ అమ్మ ఏటన్నాది?"

టీవీ కెమెరా ఒకటి ఆవిడ మీద నుంచి తిరిగి అతని మొహం మీదికి వచ్చింది. అతను సార్‌ని చూశాడు. ఆవిడని చూశాడు.

"తెలీదమ్మా" అన్నాడు చివరికి. "వినబడలేదు."

"మరి సరే అన్నావు."

"…అన్నాను."

"ఆవిడ పనైపోయినట్టేనా మరి?"

అతను తల దించుకున్నాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ "నా కొడుకూ ఇంతే! బియ్యం నిండుకున్నాయిరా అంటే సరే సరే, ఉంటాను అంటాడు!" అని గట్టిగా అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు పక్క వరసకి, ఆ వెనక వరసకి పాకింది. ఈసారి అది దేముడమ్మ మీద నవ్వు కాదు. మండపంలో ప్రతివాడికీ తాను అన్న సరేలు గుర్తొస్తున్నాయి.

దాసు మాత్రం నవ్వలేదు. గుమ్మం దగ్గర ఆగి నిలబడ్డాడు.

అతని వైపు చూస్తూనే దేముడమ్మ మైకులో చెప్పింది. "మా గుంట ఆసుపత్రిలో ఉంది. మీ టవరు కరెంటు పోతే పోతంది, నిన్న కూడా పోయింది. నాకేటీ తీరలేదు. సరే కాదు బాబూ." ఊపిరి తీసుకుంది. "సరే కాదు."

ఆ తర్వాత ఎవరేం అరిచారో ఆవిడకి తెలీదు. సార్ సమయం మించిపోయిందన్నాడు. పోలీసులు దారి చేశారు. కార్లు వెళ్ళిపోయాయి. పరదేశి ఆవిడని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేసరికి, రోడ్డు అవతల ప్రేమ్‌కుమార్ ఒక్కడే ఫోను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, సిగ్నల్ కోసం అటూ ఇటూ నడుస్తున్నాడు. ఒక చోట ఆగాడు. "అమ్మా, పొద్దున్న ఏటన్నావే?" అనడం వినిపించింది.

బండి దగ్గర దాసు ఉన్నాడు. పొద్దున్నటి గిన్నెలు కుళాయి కింద పెట్టి తోముతున్నాడు. ఆవిడని చూసి లేవలేదు.

"రేపు మొదటి బస్సుకెల్దాం అత్తా" అన్నాడు గిన్నె మీద నుంచి తల ఎత్తకుండా. "ఇడ్లీ తెమ్మంటాది ఎలాగా. అక్కడి ఇడ్లీ దానికి సయించదు."

దేముడమ్మ గట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇందాకటి నుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

"ఒల్లకో అప్పా" అని ఊరుకోబెట్టాడు పరదేశి. "ఫ్రిజ్ పోతే పోయింది."

తర్వాత కంపెనీ పేపర్లో ఇంకో ముక్క వేయించింది. తప్పు చేశాం అనలేదు. స్థానిక మాటతీరును యంత్రం గ్రహించడంలో స్వల్ప తేడా వచ్చిందట. ఈ ప్రాంతం ఫిర్యాదులన్నీ మళ్ళీ తెరుస్తారట. "అంటే తప్పు మన నోటిదేనేటి!" అని పరదేశి ఆ పేపరులోనే బజ్జీలు పొట్లం కట్టించుకున్నాడు. బ్యాటరీల లారీ వచ్చిందని ఒకరన్నారు, అది వేరే ఊరికి పోయిందని ఇంకొకరన్నారు. టీచరమ్మ మాత్రం మళ్ళీ వచ్చింది. అట్టు మాడ్చకు అని కూడా అంది.

ఒక రోజు దేముడమ్మ విశాఖపట్నంలో ఆసుపత్రి మంచం పక్కన ఉంది. చిన్నారి కాస్త తేరుకుంది. మొహం వాపు తగ్గింది. ఇడ్లీ చిన్న చిన్న ముక్కలు చేసి పెడుతుంటే ఫోను మోగింది. స్పీకరు నొక్కి దుప్పటి మీద పెట్టింది.

"నమస్కారం! స్వరలింక్ నుంచి మాట్లాడుతున్నాం."

ఆ పిల్లే. కానీ ఇక్కడ పట్నంలో గొంతు గుడి గంటలా ఉంది. ఒక్క ముక్క కూడా తెగలేదు. ఆ మాట మొదటినుంచి చివరి దాకా దేముడమ్మ వినడం అదే మొదటిసారి.

"మీ ఫిర్యాదును మా బృందం పరిశీలించింది. మీ సమస్య పరిష్కారమైనట్లయితే సరే అనండి, ఫిర్యాదు ముగిస్తాం. లేనట్లయితే లేదు అనండి."

"ఇదా ఆ రోజు ఇదడిగింది!" అంది దేముడమ్మ.

"క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు. సరే అనండి, లేదా లేదు అనండి."

చిన్నారి నమలడం ఆపి ఆవిడ మొహం చూస్తోంది. పక్క మంచమామె లేచి కూర్చుంది.

"లేదు" అంది దేముడమ్మ.

"మీరు లేదు అన్నారు. మీ ఫిర్యాదు కొనసాగుతుంది. స్వరలింక్‌ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. శుభదినం."

ఎంత మర్యాదగా చెప్పింది! దేముడమ్మ పెదాలు విచ్చుకున్నాయి. నాలుక పళ్ళ వెనక్కి చేరింది.

"స…"

చిన్నారి గబుక్కున చెయ్యి ఎత్తి, సూదికి పట్టీ వేసిన ఆ చేతినే, పిన్నమ్మ నోటికి అడ్డం పెట్టేసింది. రెండో చేత్తో ఫోను నొక్కి ఆపింది.

"ఒల్లకోవే పిన్నమ్మా!"

అరచేతి వెనక దేముడమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. చిన్నారి మాత్రం ఆ చెయ్యి వెంటనే తియ్యలేదు.